దిగి కూర్చోండి, మేమే వస్తాం

జర్మనీలోని కొలోన్ నగరానికి వచ్చే మనవాళ్ళను వెంటబెట్టుకుని తిప్పడం నా వృత్తి. మోకాళ్ళు మొరాయించాక మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి ఆకెన్ లాంటి ఊళ్ళలో చదువుకునే పిల్లలు వస్తున్నారు. వారాంతాల్లో ఎవరో ఒకరి అమ్మానాన్నలకు ఊరు చూపిస్తున్నారు. నాకు ఫోన్ చేసి అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే. "సరోజక్కా, ఆ పెద్ద చర్చి గురించి ఏం చెప్పాలె? ఎవరు కట్టిండ్రు, ఎన్నేండ్లు కట్టిండ్రు?" అదంతా గుమ్మం దగ్గర బోర్డు మీద రాసే ఉంటుంది. బోర్డు మీద లేనిదే ఇక్కడ రాస్తున్నాను. ఒక పెద్దమనిషి ఒక చిన్న స్టేషన్లో, కోటు కూడా లేకుండా, బెంచీ మీద నుంచి కదలకుండా కూర్చున్నాడు. ఆయన కోసం రాస్తున్నాను అనుకోండి.

ముందు మెట్ల సంగతి

మనవాళ్ళు ఇక్కడికి ఎక్కువగా కూతురి పురుడుకి వస్తారు, లేదా కోడలి పురుడుకి. పిల్లలు పొద్దున్నే ఆఫీసుకి పోతారు. మనవడు కీటా అనే పసిపిల్లల బడి నుంచి వచ్చి జర్మన్‌లో మాట్లాడతాడు. వీళ్ళకి కిటికీలోంచి చూడటం తప్ప పనుండదు. అప్పుడు పిల్లలు మాలాంటివాళ్ళను పిలుస్తారు. వచ్చినవాళ్ళ మనసులో రాజులూ యుద్ధాలూ ఉండవు. ఈ తలుపు దానంతటదే తెరుచుకుంటుందా, బొత్తాం నొక్కాలా? ఈ మెట్లు కదిలేటప్పుడు కాలు ఎప్పుడు పెట్టాలి? చీర కుచ్చిళ్ళు ఇరుక్కుంటే ఎట్లా? బాత్రూం ఎక్కడ? ఇవి పైకి అడగరు. అడిగితే చులకనవుతామని భయం. వాళ్ళు అడగకముందే చెప్పడం మన పని.

కాబట్టి ముందు రోజు మీరొక్కరే ఆ దారంతా నడిచి రండి. ఫోన్లో మ్యాపు దగ్గరి దారి చూపిస్తుంది గానీ అందులో ఉన్న మెట్లు చూపించదు. లిఫ్టు పనిచేస్తోందో లేదో ఆ పొద్దున మళ్ళీ చూసుకోండి. పనిచేయకపోతే తర్వాతి స్టేషన్లో దిగి ట్రాములో వెనక్కి రావచ్చు, పది నిమిషాలు పోతే పోనీయండి. టికెట్టు కొనగానే సరిపోదు, ముద్ర వేయాల్సిన టికెట్టయితే పెట్టెలో పెట్టి వేయించాలి. మామూలు బట్టల్లో తనిఖీకి వచ్చేవాడికి మన వయసూ తెల్లజుట్టూ పట్టవు. రోడ్డు పక్కన ఎర్రగా కనిపించే దారి సైకిళ్ళది. మనవాళ్ళు సరిగ్గా దాని మీదే నిలబడి ఫోటో తీసుకుంటారు. ప్లాట్‌ఫాం మీద నీళ్ళ కుళాయి ఉండదు. ఇంటి దగ్గరే సీసాలు నింపించండి, ఒకటి ఎక్కువే నింపించండి.

బ్రిగిటె పెట్టిన పరీక్ష

నాకు ఈ పని నేర్పింది బ్రిగిటె అనే జర్మన్ ఆవిడ. ఊరు చూపించే చిన్న సంస్థ నడిపేది. సన్నగా, పొడుగ్గా ఉండేది, నవ్వడం తక్కువ. నన్ను పనిలోకి తీసుకునే రోజున స్టేషన్ నుంచి నది ఒడ్డు దాకా నడిపించమంది. తను ఇప్పుడే విమానం దిగినట్టు, ఒక్క ముక్క కూడా అర్థం కానట్టు నటించింది. నేను రాత్రంతా బట్టీ పట్టిన చరిత్ర అప్పజెబుతుంటే మధ్యలో ఆగి, పొట్ట పట్టుకుని, కళ్ళతోనే అడిగింది. బాత్రూం ఎక్కడుందో నాకు తెలియదు. ఆవిడ నన్ను వెనక్కి తీసుకెళ్ళి, దారిలో ఉన్న ప్రతి బాత్రూమూ చూపించింది.

ఆవిడకి ఒక మొండి నియమం ఉండేది. మొదటి రోజు పొద్దున, ట్రాము ఎక్కకముందే, ప్రతి మనిషికీ విడివిడిగా చెప్పాలి. తప్పిపోతే తర్వాతి స్టేషన్లో దిగండి. కనిపించిన మొదటి బెంచీ మీద కూర్చోండి. కదలకండి. మేమే వస్తాం. చెప్పి ఊరుకోవడం కాదు, వాళ్ళ నోటితో మళ్ళీ చెప్పించాలి.

మనవాళ్ళతో ఇది ఎంత కష్టమో ఆవిడకేం తెలుసు. మనలో ఎవరైనా తప్పిపోతే అందరూ అందర్నీ వెతుకుతారు. తప్పిపోయినవాడు కూడా వెతుకుతూ తిరుగుతాడు. మేడారం జాతరలో అయితే మైకులో పేరు పిలుస్తారు, ఇక్కడ పిలిచేవాళ్ళు లేరు. ఒకసారి తహసీల్దారుగా చేసి రిటైరైన ఒకాయనకి ఈ నియమం చెబితే, "బల్ల మీద కూచోడం కూడా నువ్వే నేర్పుతావా అమ్మా నాకు" అని మొహం మాడ్చుకున్నారు. మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. నేను బ్రిగిటెతో చెప్పాను, మా పెద్దవాళ్ళు దీన్ని అవమానంగా తీసుకుంటారని. "అయితే మర్యాదగా చెప్పు. చెప్పడం మాత్రం మానకు" అంది.

అన్నీ ఒకే సంచిలో

మనవాళ్ళకి ఇంకో అలవాటుంది. జాగ్రత్త అనే పేరుతో అందరి పాస్‌పోర్టులూ, ఫోన్లూ, మందులూ ఒక్కరి సంచిలో పెడతారు. టికెట్టు కూడా అందరికీ కలిపి ఒకటే, అల్లుడి ఫోన్లో ఉంటుంది. ఆ సంచీ ఆ అల్లుడూ పక్కనున్నంతసేపు అంతా బాగానే ఉంటుంది. పక్కన లేని క్షణంలో మిగిలినవాడికి ఈ దేశంలో పేరు కూడా ఉండదు. ఈ మాట ఎన్ని ఇళ్ళలో చెప్పానో. అందరూ తలూపుతారు, మర్నాడు మళ్ళీ అదే సంచీ భుజాన వేసుకుని దిగుతారు.

సుగుణ గారి సంచీ అలాంటిదే. ఆవిడదీ, భర్త నరసింహం గారిదీ భీమవరం దగ్గర. కూతురికి బిడ్డ పుట్టిందని వచ్చారు. నరసింహం గారు లెక్కల మాష్టారుగా చేశారు. పక్షవాతం వచ్చి మాట పోయింది, కుడి చెయ్యి పనిచేయదు. నెమ్మదిగా నడుస్తారు. కళ్ళు మాత్రం అన్నీ చూస్తూ ఉంటాయి. మొదటి రోజు నేను ఆయన వైపు తిరిగి నియమం చెప్పబోతే సుగుణ గారు అడ్డొచ్చారు.

"ఆయనకి చెప్పినా ఒకటే చెప్పకపోయినా ఒకటేనమ్మా. ఏం తెలీదు. నేనున్నాగా."

"మీరున్నరు అక్కా, నేను గూడ ఉన్న. అయినా సార్‌కు చెప్పాలె."

"ఆయన ఫోన్ కూడా నేనే తీసేసుకున్నా. మాట్లాడలేని మనిషికి ఫోనెందుకు? పసిపిల్లాడిలా చూసుకోవాలి మరి. ఇంట్లో ఇప్పుడు ఇద్దరు పసివాళ్ళు."

ఆవిడ ప్రేమగానే అన్నారు. ఆయన పక్కనే నిలబడి విన్నారు.

సాయంత్రం బ్రిగిటెకి ఫోన్ చేసి అడిగాను, మాట రాని మనిషి చేత ఎట్లా చెప్పించాలని. "చెప్పలేకపోతే చేసి చూపించమను" అంది. మర్నాడు ట్రాము స్టాపులో ఆయన్ని బెంచీ దగ్గరికి తీసుకెళ్ళాను. "సార్, మీరొక్కరే అయిపోయిండ్రనుకోండి. వచ్చే స్టేషన్ల దిగుండ్రి, కూసోండ్రి, ఏడికీ పోకుండ్రి. మేమే వస్తం." ఆయన కూర్చున్నారు. ఎడమ అరచెయ్యి బెంచీ మీద ఆనించి గట్టిగా నొక్కారు, ఇక్కడే ఉంటానన్నట్టు. ఆ గుర్తు ఆయనే కనిపెట్టారు. నేను నా చెయ్యి కూడా అట్లాగే పెట్టి తలూపాను. ఆ తర్వాత ఎప్పుడు బయటికి వెళ్ళినా ఒకసారి అది చేశాకే బయల్దేరేవాళ్ళం. సుగుణ గారు అటు తిరిగి బస్సుల వంక చూసేవారు.

రెండుగా విడిపోయే బండి

నవంబరులో ఒక రోజు అల్లుడు కిరణ్ సెలవు పెట్టాడు. ఐటీ ఉద్యోగం, నెమ్మదైన పిల్లవాడు, ఫోను లేకుండా మాత్రం నిలబడలేడు. కొండల్లో ఉన్న ఒక పాత కోట చూడాలని నలుగురం బయల్దేరాం. ఇట్లాంటి ఊళ్ళకు పోయే కొన్ని బండ్లు ఇక్కడ దారిలో ఒక జంక్షన్లో రెండుగా విడిపోతాయి. ముందు సగం ఒక ఊరికి, వెనక సగం ఇంకో ఊరికి. రెండు సగాలూ చూడటానికి ఒకటే. ఒకదాన్నుంచి ఒకదాన్లోకి లోపలి నుంచి దారి ఉండదు. మేం ముందు సగంలోనే ఎక్కాం. నేను చూసే ఎక్కించాను.

బండిలో వేడిగా ఉంటే కిరణ్ మామగారి కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. "గొంతు పిడచకట్టుకుపోతోంది, నీళ్ళు ఉన్నాయా" అన్నారు సుగుణ గారు. తెచ్చిన సీసాలన్నీ అయిపోయాయి. జంక్షన్ వచ్చే ముందు ఆవిడ బాత్రూంకి వెళ్ళాలన్నారు. ఆ తలుపు బొత్తాంతో పనిచేస్తుంది. లోపలికెళ్ళాక ఇంకో బొత్తాం నొక్కితే గానీ గడియ పడదు. ఆ సంగతి తెలియక తిప్పలు పడినవాళ్ళని చూశాను కనుక నేనూ వెంట వెళ్ళి బయట నిలబడ్డాను. మేం తిరిగి వచ్చేసరికి బండి కదిలింది. మాష్టారి సీటు ఖాళీగా ఉంది.

"కిరణూ, సార్ ఏడి?"

"దిగారాంటీ. చాలాసేపు ఆగుద్ది అన్నారుగా. కాళ్ళు చాపుకుంటారేమో అనుకున్నా. ఎక్కేసే ఉంటారు, వెనకాల డోర్లో."

సుగుణ గారి మొహం పాలిపోయింది. "విజయవాడలో బండి ఆగితే ఈయన దిగకుండా ఉన్న రోజు లేదమ్మా. పెళ్ళయిన కాణ్ణుంచీ అంతే. కూత వేశాక ఏ పెట్టె దొరికితే ఆ పెట్టె ఎక్కి, లోపల్నించి నడుచుకుంటూ వచ్చేవారు."

మన దేశంలో అది తప్పు కాదు. అక్కడ బండి ఒకటే. ఇక్కడ ఆయన ఎక్కిన తలుపు వెనక సగానిది. ఆ సగం అప్పటికే ఇంకో లోయలోకి తిరిగింది. ఆయన దగ్గర ఫోను లేదు, పాస్‌పోర్టు లేదు, టికెట్టు లేదు, కోటు లేదు. మాట లేదు.

కండక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఒక మాట చెబుతున్నా. ఇట్లాంటప్పుడు సిగ్గుపడకండి, వెంటనే చెప్పండి, పోలీసులకి కూడా చెప్పండి. మనవాళ్ళు పరువు అనుకుంటూ ముందు వాళ్ళలో వాళ్ళే వెతుక్కుంటారు. ఆవిడ రెండో బండికి ఫోన్ చేసింది. జంక్షన్లో ప్లాట్‌ఫాం మీద ఎవరూ మిగల్లేదన్నారు. రెండో బండిలో వెతికారు, అట్లాంటి మనిషి కనిపించలేదన్నారు. అప్పటికి ఆ బండి మొదటి స్టేషన్ దాటిపోయింది.

మేం దిగిన ఊళ్ళో ఒకే ఒక్క టాక్సీ దొరికింది. కిరణ్ ఫోన్లో మ్యాపు తెరిచి, "చివరి స్టేషన్‌కి పోదాం ఆంటీ. బాత్రూంలో ఉండుంటారు, వాళ్ళకి కనపడలేదు. చివర్లో ఎలాగూ అందర్నీ దింపుతారు" అన్నాడు. అతను చెప్పిందీ కొట్టిపారేసేది కాదు. చివరి స్టేషన్ ఒక వైపు, మొదటి స్టేషన్ ఇంకో వైపు. ఒక చోటికి వెళ్ళి లేడని తెలిశాక రెండో చోటికి వెళ్ళేసరికి చీకటి పడుతుంది. ఆ మొదటి స్టేషన్ అడవి అంచున ఒక చిన్న ఆగుచోటు, ఉద్యోగులు కూడా ఉండరు.

నాకు ఏమనిపిస్తోందో నాకు తెలుసు. కానీ అది నేను తేల్చాల్సింది కాదు.

"అక్కా, సార్‌కు నేను చెప్పిన. దిగి కూసోమని చెప్పిన. ఆయనకు సమజైందా లేదా మీరే చెప్పాలె. మీకంటె ఎవరికెరుక?"

ఆవిడ భుజాన ఉన్న సంచీ దించారు.

"రోజూ వంటింట్లో కుర్చీలో కూచుని చెయ్యి ఇట్టా నొక్కుతున్నారమ్మా," అన్నారు మెల్లగా, అరచెయ్యి చూపిస్తూ. "చెయ్యి అదురుతోంది, డాక్టరుకి చూపించాలే అని నేను అమ్మాయితో అన్నా. నాకేసి చూసి మరీ నొక్కేవారు." తన అరచేతిలోకి చూసుకున్నారు. "నాకు చెప్తున్నారు కదా."

ఆవిడ టాక్సీ తలుపు తీశారు.

"మొదటి స్టేషన్‌కే పోనీయమనండి. కూచునే ఉంటారు."

బెంచీ మీద

టాక్సీలో కిరణ్ మామగారి కోటు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ దారి పొడుగునా నాకు భయమే. ఆయన కూర్చోకపోతే ఆ తప్పు ఇక ఎప్పటికీ ఆవిడ తన నెత్తినే వేసుకుంటారని భయం.

ఆగుచోటులో ఒక రేకుల కప్పు, దాని కింద ఒక బెంచీ. నరసింహం గారు దాని మీద కూర్చుని ఉన్నారు. భుజాల మీద ఎవరిదో గళ్ళ దుప్పటి. ఎడమ అరచెయ్యి బెంచీకి ఆనించి ఉంది. పక్కన కుక్కను పట్టుకుని ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఎదురుగా ఉన్న ఇల్లు ఆవిడదే. నన్ను చూడగానే జర్మన్‌లో గబగబా చెప్పుకొచ్చింది. "చలిగా ఉంది, ఇంట్లోకి రమ్మని ఎంత పిలిచినా రాడు. చెయ్యి పట్టి లేపబోతే బెంచీని పట్టుకుంటాడు. దుప్పటి తెచ్చి కప్పాను. ఖాళీ సీసా నా ముందు పెడితే దాహమేమో అని ఇంట్లోంచి నీళ్ళు పట్టి తెచ్చాను. ఒక్క గుక్క కూడా తాగలేదు, అట్లాగే పెట్టుకుని కూర్చున్నాడు."

అప్పుడు చూశాను, ఆయన తొడ పక్కన మా సీసా. నిండుగా ఉంది.

సుగుణ గారు దగ్గరికెళ్ళి ఆయన మీద అరిచారు. "ఎందుకు దిగారండీ? ఎవర్నడిగి దిగారు? నా ప్రాణం పోయిందనుకోండి." అరుస్తూనే ఏడ్చారు. ఆయన అరచెయ్యి బెంచీ మీద నుంచి తీసి, సీసా అందుకుని, ఆవిడకి ఇచ్చారు.

ఆవిడ దాన్ని పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. తర్వాత మూత తీసి తాగారు. గడ్డం మీద నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఆయన ఆవిడ తాగడం అయిపోయేదాకా చూశారు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. కిరణ్ కోటు తెచ్చి మామగారికి తొడిగాడు.

ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలకి నేను చెప్పేది ఇంతే. మనం తిప్పేది సామాన్లను కాదు. పక్కనున్నవాళ్ళు ఎంత ప్రేమగా "ఆయనకేం తెలీదు" అన్నా, ఆ మనిషి కళ్ళలోకి చూసి, ఆ మనిషికే చెప్పండి.

తిరుగు బండి వస్తుందనగా సుగుణ గారు కిరణ్‌ని పిలిచారు. "బాబూ, మీ మామయ్యకి టికెట్టు విడిగా తియ్యి."

"అత్తయ్యా, అందరికీ కలిపి ఉందిగా. అదే సరిపోద్ది."

"సరిపోద్దని తెలుసు. విడిగా తియ్యి."

కిరణ్ యంత్రం దగ్గరికెళ్ళి తీసుకొచ్చాడు. ఆవిడ సంచిలోంచి ఆయన ఫోనూ పాస్‌పోర్టూ తీసి, టికెట్టుతో కలిపి ఆయన చేతికి ఇచ్చారు. ఆయన ఎడమ చేత్తోనే ఒక్కొక్కటీ కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు. జేబుకి బొత్తాం ఉంది. అది కాజాలో పట్టడం లేదు. ఈలోగా బండి వచ్చి ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి. సుగుణ గారి చెయ్యి సాయానికి ముందుకు వెళ్ళింది. సగంలో ఆగి వెనక్కి వచ్చింది. తలుపులు మూసుకుని బండి వెళ్ళిపోయింది. ఆ తర్వాత బొత్తాం పట్టింది.

ఇంకో బండికి చాలా టైముంది. సుగుణ గారు వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. అరచెయ్యి బెంచీ మీద పెట్టి, ఆయన చేసినట్టే గట్టిగా నొక్కారు.